పదకొండో పేజీ

3వ తేదీ

ప్రియమైన తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఉత్తరం చూసి కంగారు పడకు, అందరం కులాసాగానే ఉన్నాం. ఫోనుండగా ఈ కాగితమేమిటా అనుకుంటున్నావు కదూ. ఫోన్లో అయితే మీ బావ వింటాడు, విని రెండు రోజులు నవ్వుతాడు. "నీకు రావాల్సింది పోలీసు ఉద్యోగం, పొరపాటున ఆసుపత్రి రికార్డు రూములో పడ్డావు" అంటాడు. పోనీ ఆఫీసు మెయిల్లో రాద్దామంటే, అది కూడా మీ కంపెనీ పెట్టిందే. అందుకే కాగితం, కలం, కవరు.

మీ కంపెనీ సెర్చ్ ప్రోగ్రాము మా ఆసుపత్రికి వచ్చి రెండు నెలలైంది. మందు పేరో జబ్బు పేరో కొడితే పాత కేస్ షీట్లన్నీ వరసగా వస్తున్నాయి. బాగానే ఉంది, కాదనను. ఏ జబ్బుకి ఏ షీటు చూడాలో ఇరవై రెండేళ్లుగా నా చేత్తో రాసిన కార్డుల సొరుగులు గోడౌనుకి వెళ్లిపోతుంటే కొంచెం బాధేసింది. అది వేరే సంగతి.

అసలు విషయం ఇది. పెద్ద డాక్టరు ఆరేళ్ల కిందట ఒక ఇంజెక్షన్ తెచ్చి అన్ని వార్డుల్లోనూ వాడించాడు. అది చేయించుకున్నాక చెవులు దెబ్బతిన్న వాళ్లు పందొమ్మిది మంది ఉన్నారు. వేర్వేరు వార్డుల్లో, వేర్వేరు ఏళ్లలో. అందుకే ఏ డాక్టరుకీ అందరూ ఒకచోట కనబడలేదు. కార్డులు రాసింది నేను కాబట్టి నాకు కనబడ్డారు. ఆ ఇంజెక్షన్ పేరు సెర్చ్‌లో కొడితే మొదటి వారం ఆ పందొమ్మిదీ రెండో పేజీలో వచ్చాయి. పోయిన వారం నాలుగో పేజీ. నిన్న ఆరు. పైనంతా "జ్వరం తగ్గింది, ఇంటికి పంపాం" అనేవే.

ఇంకోటి. గోడౌనుకి వెళ్లాల్సిన సొరుగుల్లో "చెవి" అని రాసున్నది ఒక్కటే పెద్ద డాక్టరు గదిలోకి వెళ్లింది. తిరిగి రాలేదు.

కాగితాలకి కాళ్లు రావు కదరా, ఎవరో ఒకరు తొయ్యాలి. మీ దగ్గర అలా తోసే వీలుందా? ఎవరైనా అడిగితే చేసిపెడతారా? నిజం చెప్పు. నేనైతే వాటిమీద ఓ కన్నేసే ఉంచాను.

నీ మేలు కోరే
అక్క

*

9వ తేదీ

అక్కకి,

నమస్కారం. ఉత్తరం అందింది. బావని అడిగానని చెప్పు.

చేత్తో ఎవరూ ఏ కాగితాన్నీ కిందికి తొయ్యలేరు. ఏది ముందు రావాలో, ఏది వెనక రావాలో ప్రోగ్రామే లెక్క కట్టుకుంటుంది. ఇంతకుమించి నేనేం రాయకూడదు.

ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు. రికార్డు రూములో కిటికీ పక్కనున్న మూడో కంప్యూటరు నీదేనా? నువ్వు లేనప్పుడు దాని ముందు ఇంకెవరైనా కూర్చుంటారా? మందుల కంపెనీల మనుషులెవరైనా మీ గదికి వస్తూ పోతూ ఉంటారా? నీతో ఎవరైనా ఈమధ్య కొత్తగా స్నేహం చేశారా?

ఈ సంగతి ఇంకెవరితోనూ అనకు. కొన్నాళ్లు నాకు కూడా రాయకపోతేనే మంచిది.

ఇట్లు
తమ్ముడు

*

17వ తేదీ

తమ్ముడికి,

నువ్వు రాయొద్దన్నా రాస్తున్నాను. "ఇట్లు తమ్ముడు" అట! ఇంటి అద్దె విషయమై ఓనరుకి రాసినట్టు రాశావు. నా కంప్యూటరు కిటికీ పక్కదని, మూడోదని నీకెవరు చెప్పారు? నేనెప్పుడూ చెప్పలేదే. నేనడిగిన దానికి ఒక్క ముక్క జవాబు లేదుగానీ, నామీదే నాలుగు ప్రశ్నలు.

మంగళవారం మీ కంపెనీ నుంచి ఎవరో వచ్చి పెద్ద డాక్టరు గదిలో రెండు గంటలు తలుపేసుకుని కూర్చున్నారట. మా టైపిస్టు చూసింది. "సన్నగా ఉన్నాడండీ, మాటమాటకీ బొటనవేలితో కళ్లజోడు పైకి తోసుకుంటున్నాడు" అంది. అది నువ్వేనని అర్థమైంది. ఆరో తరగతిలో మొదటి కళ్లజోడు కొన్నప్పటి నుంచీ నీకా అలవాటు మాన్పించలేక అమ్మ అలిసిపోయింది.

నా గదికీ ఆ గదికీ మధ్య ఒక్క వరండా. ఇంత దూరం వచ్చి అక్కని పలకరించకుండా వెళ్లిపోయావు. ఆ సాయంత్రం నేను గేటు దగ్గర అరగంట నిలబడ్డాను, ఏమో, నా కోసం ఆగావేమోనని. మీ బావకి మాత్రం బస్సు ఆలస్యమైందని చెప్పాను.

ఇవాళ అవి తొమ్మిదో పేజీలో ఉన్నాయి.

ఒక్కమాట అడుగుతాను. ఆయన నీ చేత ఏం చేయించుకుంటున్నాడు?

అక్క

*

26వ తేదీ

తమ్ముడికి,

తొమ్మిది రోజులైనా నీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. సరే, ఇది చదువు.

మూడో వార్డులో ఒకావిడ చేరింది. బట్టలు కుడుతుంది, బజారులో సొంత కొట్టుంది. కాలిమీద పుండు, జ్వరం. అక్కడి చిన్న డాక్టరు మంచివాడే, జాగ్రత్త గల మనిషి. ఇంజెక్షన్ చేసే ముందు సెర్చ్‌లో దాని పేరు కొట్టి, పక్కనే "వినికిడి లోపం" అని కూడా కొట్టి చూశాడట. మూడు పేజీలు తిప్పాడు. ఏమీ కనబడలేదు. చేశాడు. ఐదో రోజు ఆవిడకి ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిది సగమే మిగిలింది.

అవి ఇప్పుడు పదకొండో పేజీలో ఉన్నాయి. పదకొండో పేజీ దాకా ఎవడు వెళ్తాడు?

నా చేతిలో ఉన్నదల్లా చేశాను. పూర్తిగా మాయం చేసేస్తారేమోనని భయం నాకు. పొద్దున రాగానే, టీకి ముందు, భోజనం అయ్యాక, ఇంటికి వెళ్లబోతూ, రోజుకి నాలుగుసార్లు ఆ పందొమ్మిదీ ఒక్కొక్కటే తెరిచి, ఉన్నాయని చూసుకుని, మూసేస్తున్నాను. ఒక్కరోజు కూడా మానలేదు. కాపలా కాస్తూనే ఉన్నాను. అయినా ఏం లాభం? తోసేవాడు నా ఇంట్లో పుట్టినవాడే.

నీ కాళ్లు కడిగి, నీకు జడలు వేసి ఆడించినదాన్ని. నువ్వే దాచావు. కాదంటే కాదని రాయి. నమ్ముతానని మాత్రం చెప్పలేను.

అక్క

*

2వ తేదీ

అక్కా,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం ఆఫీసులో అందింది. నాలుగుసార్లు తెరిచి మూసేస్తున్నానని రాశావే, ఆ వరస దగ్గర ఆగిపోయాను. దాచకుండా అంతా రాస్తున్నాను. మా పై అధికారికి చెప్పే రాస్తున్నాను.

మీ పెద్ద డాక్టరు మమ్మల్ని పిలిచింది దాచమని కాదు. దాచిందెవరో కనిపెట్టమని. చెవి కేసులు ఒకటి రెండు ఆయన కళ్లారా చూశాడు. ఆ మందు తెచ్చింది తనే కాబట్టి ఆయనకి మనసులో పీకుతోంది. ఆ సొరుగు తీసుకెళ్లింది కార్డులు ఒక్కొక్కటే చదవడానికి. కార్డు మీది నంబరు సెర్చ్‌లో కొడితే షీటు వస్తోంది, మందు పేరు కొడితే రావడం లేదు. తన వార్డులో ఆ మందు ఆపేశాడు. మిగతా వార్డుల డాక్టర్లు మాత్రం "మేం వెతికాం, మాకేం కనబడలేదే" అన్నారు. అప్పుడాయనకి అనుమానం వచ్చింది, మందుల కంపెనీ వాళ్లు రికార్డు రూములో ఎవరినో పట్టుకుని ఇదంతా చేయిస్తున్నారని.

ఎవరెవరు ఏ షీటు తెరిచారో మా దగ్గర జాబితా ఉంటుంది. తీసి చూశాను. ఆ పందొమ్మిదీ రోజూ తెరుచుకుంటున్నాయి, రెండు క్షణాల్లో మూసుకుంటున్నాయి. ఒకే కంప్యూటరు. కిటికీ పక్కన మూడోది. కింద నీ పేరు.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలంటే సిగ్గుగా ఉంది. నిన్ను అనుమానించాను. చదివే మనిషయితే నిమిషమైనా చూస్తుంది కదా, ఇలా రెండు క్షణాలకే ఎందుకు మూస్తోంది అనుకున్నాను. రేపు దొరికిపోతే "నేనే ముందు తమ్ముడికి రాశాను" అని చెప్పుకోవడానికే నీ మొదటి ఉత్తరం రాశావేమో అని కూడా అనుకున్నాను. మంగళవారం వరండా అవతల నీ గది కిటికీ కనబడుతోంది. నువ్వు తల వంచుకుని ఏదో రాసుకుంటున్నావు. పెద్ద డాక్టరు "రికార్డు రూములో ఎవరితోనూ మాట్లాడకండి" అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను చాటుగా వెళ్లిపోయాను. జాబితాలో నీ పేరుందని మాత్రం ఆయనకి చెప్పలేదు. ఇంకా తేలలేదని అబద్ధమాడాను. నిన్ను కాపాడుతున్నాననుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి విను. మా ప్రోగ్రాములో ఒక సూత్రం ఉంది. ఒక కాగితాన్ని తెరిచి చాలాసేపు చదివితే అది పనికొచ్చినట్టు, దాన్ని పైకి తేవాలి. తెరిచిన వెంటనే మూసేస్తే పనికిరానట్టు, కిందికి దించాలి. చెప్పులు, చొక్కాలు వెతుక్కునే వాళ్ల కోసం రాసిన సూత్రం అది. దాన్ని తెచ్చి ఆసుపత్రికి తగిలించింది నేను.

మొదట్లో అవి రెండో పేజీలో రావడానికి కారణం, చేతిరాత షీట్లు కావడం. మెషీను చేతిరాతని సగమే చదవగలుగుతుంది. ఆ తర్వాత దించింది ఎవరూ కాదక్కా. నువ్వు తెరిచి మూసిన ప్రతిసారీ "ఇది పనికిరాదు" అని నా ప్రోగ్రాముకి నువ్వే చెప్పినట్టయింది. రోజుకి నాలుగుసార్లు. కొత్త సెర్చ్ కాబట్టి వాడేవాళ్లు తక్కువ, నీ లెక్కే అన్నిటికన్నా పెద్దది. నువ్వు కాసిన కాపలాయే వాటిని కిందికి లాక్కెళ్లింది.

తప్పు నీది అనడానికి ఇది రాయడం లేదు. నీకా సూత్రం తెలీదు. నాకు తెలుసు. నెల్లాళ్లు జాబితా ముందు పెట్టుకుని నేను దొంగ కోసం వెతికాను, సొంత ప్రోగ్రామువైపు చూడలేదు. ఆ రోజు వరండా దాటి వచ్చి "అక్కా, ఇవెందుకు తెరుస్తున్నావ్?" అని ఒక్కమాట అడిగి ఉంటే ఆ కుట్టుపని ఆవిడకి రెండు చెవులూ ఉండేవి.

నిన్న సాయంత్రమే ఆ సూత్రం తీసేశాను. పెద్ద డాక్టరుకి ఫోన్ చేసి నీ పేరుతో సహా అంతా చెప్పాను. ఆయన అంతా విని "మీ అక్కగారిని నేనే కలుస్తాను" అన్నాడు.

నామీద కోపముంటే ఉంచుకో. ఉత్తరం మాత్రం రాయి.

నీ
తమ్ముడు

*

20వ తేదీ

ప్రియమైన తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. రాయడానికి ఇన్నాళ్లు పట్టింది. నీ ఉత్తరం చదివాక రెండు రోజులు సెలవు పెట్టాను. మీ బావకి చదివి వినిపించాను. ఈసారి నవ్వలేదు. పక్కన కూర్చున్నాడు, అంతే.

పెద్ద డాక్టరు నన్ను పిలవలేదు, తనే రికార్డు రూముకి వచ్చాడు. చేతిలో ఆ సొరుగు. టైపిస్టు కుర్చీ లాక్కుని కూర్చుని, "మీరు నన్ను దొంగ అనుకున్నారట" అన్నాడు.

"అవునండీ" అన్నాను.

"నేనూ మీ గదిలోవాళ్లనే అలా అనుకున్నాను. ఈ కార్డులు రాసిన మనిషిని ముందే వచ్చి అడగాల్సింది. రికార్డు రూముకి వచ్చి అడగడమేమిటని నాకు అహం అడ్డొచ్చింది" అన్నాడు.

ఇద్దరం ఆ మధ్యాహ్నమంతా కూర్చుని పందొమ్మిది షీట్లూ మొదటి వరస నుంచి చివరిదాకా చదివాం. మర్నాటి నుంచి అన్ని వార్డుల్లోనూ ఆ మందు ఆగిపోయింది.

చదువుతుంటే నాకు తట్టినవి రెండున్నాయి, మీ వాళ్లకి చెప్పు. సెర్చ్‌లో ప్రతి షీటుకీ పైనున్న రెండు వరసలే కనబడతాయి. పేరు, మంచం నంబరు. చెవి సంగతి నర్సు చివర్న రాస్తుంది. ఆ వరస పైకి కనబడేలా చెయ్యండి. రెండోది, పందొమ్మిది షీట్లలో "వినికిడి లోపం" అన్నమాట ఒక్కదాంట్లోనూ లేదు. "చెవిలో హోరు", "తల ఊపితే గలగల", "మనవరాలి మాట అందడం లేదు", ఇలా ఎవరికి వచ్చిన మాట వాళ్లు చెప్పారు, నర్సులు అదే రాశారు. డాక్టరు తన మాట కొడితే ఈ మాటలన్నీ ఎలా దొరుకుతాయి? ఇలాంటివన్నీ ఏరి జాబితా రాస్తానని పెద్ద డాక్టరుతో అన్నాను. రోజూ రెండు గంటలు దానికే ఇచ్చారు.

నిన్న ఆ కుట్టుపని ఆవిడ కొట్టుకి వెళ్లాను. ఎవరూ వెళ్లమనలేదు. కుడివైపు కూర్చుని, గట్టిగా, ఒక్కోమాటా విడమరిచి అంతా చెప్పాను. నేను తెరవడం, మూయడం, మెషీను వాటిని దించేయడం. ఆవిడ మధ్యలో కుట్టు ఆపేసింది. నా తమ్ముడి తప్పు కూడా ఉందని చెప్పలేదు. నా వంతు వరకే చెప్పాను. నీ వంతు నువ్వొచ్చి చెప్పుకోవాలి.

"సూది విరగబోయే ముందు మెషీను చప్పుడు మారుతుంది. ఇదివరకు తెలిసేది. ఈ వారంలో ఏడు సూదులు విరిగాయి" అంది.

మళ్లీ ఆవిడే, "నా కాగితంలో ఏమని రాశారు?" అనడిగింది.

"వినికిడి లోపం అని."

"నేనలా అనలేదే. బావిలోంచి ఎవరో పిలుస్తున్నట్టుంది అన్నాను. ఆ డాక్టరు బాబు విన్నాడు కూడా. మరి అది రాయలేదేం?"

ఆవిడ ముందే సంచీలోంచి పుస్తకం తీసి ఆ మాట రాసుకున్నాను. రాసింది చూపించమంది. చూసి, "పిలుస్తున్నట్టు కాదు, పిలిచి ఊరుకున్నట్టు" అని దిద్దింది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. దిద్దిన మాట జాబితా కోసం అలాగే పంపుతున్నాను, ఒక్క అక్షరం మార్చకు.

ఆదివారం బయల్దేరి రా. ముందు ఆ కొట్టుకి వెళ్దాం, తర్వాతే ఇంటికి.

ప్రేమతో
అక్క