ఇసుక తిన్నె మీద నేను ఆగలేదు

భిలాయి, సెక్టర్ 6
1996 జనవరి, శుక్రవారం

దీపం పెట్టి ఎంతసేపు కూర్చున్నా ఆ సంగతి దేవుడికి చెప్పుకోలేకపోయాను. అందుకే ఈ పుస్తకం తీశాను.

జైసల్మేర్‌లో మారథాన్ పరుగెత్తి, మర్నాడు ఎడారి చూసి రావచ్చని ఆయన నన్నూ తీసుకెళ్లారు. నలభై రెండు కిలోమీటర్లూ పరుగెత్తారు. తెల్లారేసరికి అరికాళ్ల నిండా బొబ్బలు. అయినా సాయంత్రం సూర్యాస్తమయం చూడాలని ఇసుక తిన్నె ఎక్కసాగాం.

సగం దూరంలో వెనకనుంచి పిలిచారు. "ఏమే, కాస్త ఆగు. కాళ్లు మండిపోతన్నాయి."

నాకు సింహాచలం మెట్లు గుర్తొచ్చాయి. అప్పుడు మా పెద్దాడు కడుపులో ఉన్నాడు. ఆగమని బతిమాలితే ఈయన పై మెట్టు మీంచి అందరికీ వినపడేలా అన్నారు, "నడవలేనిదానివి ఎందుకొచ్చేవు?" అని.

నేను వెనక్కి తిరిగి, గొంతు పెంచకుండా అన్నాను. "నడవలేనోరు ఎందుకొచ్చేరండీ?"

పక్కనున్న ఒంటెవాడు "క్యా బోలీ, మాజీ?" అని నేనేమన్నానో అడిగాడు. వాడికి అర్థమయ్యేలా హిందీలో మళ్లీ చెప్పాను. వాడు పగలబడి నవ్వాడు. నేను ఆగలేదు.

ఆయన చేతులూ మోకాళ్లూ ఆనించి పైకి చేరేసరికి సూర్యుడు దిగిపోయాడు.

"ఎలాగుందే?" అన్నారు.

"చాలా బాగుందండీ."

ఇవాళ బొబ్బలకు వెన్న రాస్తుంటే "నీ అంత ఓర్పు నాకు లేదే" అన్నారు. తిన్నె మీద నేనన్న మాట ఒకప్పుడు తనదేనని ఆయనకు గుర్తే లేదు. క్షమించమని దేవుణ్ణి అడగాలంటే ముందు బాధ కలగాలి కదా. నాకింకా కలగలేదు.

ఈ కాగితాలు ఎవరికి దొరికినా చింపకండి, దాచండి. ఆయనకు మాత్రం చూపించకండి.