రెండు జిల్లాల వాన సెలవులు

సోమవారం సాయంత్రం

బంగాళాఖాతంలో వాయుగుండం! టీవీలో కింద అక్షరాలు పరిగెడుతున్నాయి: రేపు శ్రీకాకుళం జిల్లాలో బడులకు సెలవు. మా ఊరు ఆ జిల్లాయే. పిల్లలిద్దరూ మంచమెక్కి గెంతారు. నేను టీచర్ని, నాకూ గెంతాలనే ఉంది. కానీ నా బడి గరివిడిలో. అది విజయనగరం జిల్లా. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. విజయనగరం ఊసే లేదు.

"నువ్వు బడికెళ్తావు కదమ్మా, అయితే రేపు బాగుంటాది" అన్నాడు ఎనిమిదేళ్ళ గోవింద్. "ఇంట్లో ఉంటే అరుస్తావు."

టీవీ కట్టేశాను.

నిర్ణయం: ఈ తుఫాను వెళ్ళేదాకా పిల్లల మీద అరవను. ఒట్టు!

మంగళవారం

వాన చుక్క లేదు. మాడు పగిలే ఎండ! పిల్లల్ని పక్కింటి గురమ్మత్తకు అప్పజెప్పి బస్సెక్కాను. మా ఆయన కరెంటు లైన్‌మన్. తుఫానంటే ఆయనకు ఇల్లు గుర్తుండదు.

సాయంత్రం వచ్చేసరికి నా దుప్పట్లన్నీ కట్టి మంచం మీద గుడారం. లోపల గురమ్మత్త మేకపిల్ల.

"తుఫాను బాధితురాలమ్మా" అంది మా పెద్దది తులసి. ఆరో తరగతి తెలివి!

అరవలేదు! పళ్ళు కొరుక్కున్నాను. అది లెక్కలోకి రాదు.

బుధవారం

వాళ్ళకు మళ్ళీ సెలవు. నాకు మళ్ళీ బడి. మళ్ళీ ఎండ.

తలుపు తీస్తే హాలంతా నీళ్ళు. పడవలు తేలుతున్నాయి. నేను దిద్దాల్సిన పరీక్ష పేపర్లవి!

"తుఫాను రాలేదు కదమ్మా, మేమే తెచ్చినాం" అన్నాడు గోవింద్.

అరిచాను. కొంచెమే.

"ఏటే ధనలక్ష్మీ, పిడుగెక్కడే పడినాది?" అంటూ గురమ్మత్త పరుగెత్తుకొచ్చింది.

అది అరుపు కాదు, పాఠం చెప్పే గొంతు. టీచర్ల వృత్తి జబ్బు.

గోవింద్ ఏడవలేదు. "సెప్పానా అక్కా" అన్నాడంతే. నాకు అన్నం సహించలేదు.

గురువారం పొద్దున్న

వాట్సాప్‌లో హెడ్‌మాస్టరు మెసేజీ: విజయనగరం జిల్లాకు సెలవు! ఇక్కడేమో బడులు తెరిచారు! దేవుడున్నాడు.

పిల్లలకు చెప్పలేదు. చీర కట్టుకుని, క్యారియర్ సర్దుకుని, బస్సుకు ఆలస్యమైపోతోందని హడావుడి కూడా చేశాను. వాళ్ళ ఆటో సందు తిరగ్గానే నైటీలోకి మారిపోయాను. దుప్పట్ల గుడారం అలాగే ఉంది. అందులో దూరి పులిహోర తింటూ వాలాను. స్వర్గం!

గురువారం మధ్యాహ్నం

కుండపోత! బడి మధ్యలోనే వదిలేశారట. పిల్లలు తడిసి ముద్దై వచ్చి దుప్పటి ఎత్తారు.

గోవింద్ నడుం మీద చెయ్యేసుకుని అరిచాడు, అచ్చం నాలాగే. "ఏటిది! సెలవిస్తే సాలు, పడుకోడమేనా? పుస్తకం ముట్టవేటి? నాన్నని రానీ, సెప్తాను నీ పని!"

అన్నీ నా మాటలే. సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. తులసి అప్పటికే నా పక్కన దూరి పులిహోర లాక్కుంది. వాడు కాసేపు బిగుసుకుని నిలబడి, "జరుగు" అన్నాడు.

"నీకు సెలవుంటే బాగుంటాదే అమ్మా!" అన్నాడు కాసేపటికి, నోటినిండా పులిహోరతో.

శుక్రవారం

రెండు జిల్లాలకూ సెలవు! ముగ్గురం ఇంట్లోనే.

నిర్ణయం మళ్ళీ మొదటినుంచి: ఇవాళ్టి నుంచి అరవను. ఈసారి పక్కా. ఎండబెట్టిన పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ హాయిగా...

తుఫాను బాధితురాలు తిరిగొచ్చింది. పేపర్లు నములుతోంది.

ఒరేయ్ గోవిందూ!!