షటిల్ రోల్

తిరువళ్ళూరు

నాయనా, నేను క్షేమం. హాస్టల్లో ఫోన్లు తీసుకున్నారు, అందుకే ఈ కార్డు.

పైలట్ పరీక్షలో 'డచ్ రోల్' అనే మాట వస్తుంది. అప్పుడు విమానం ఎట్లా ఊగుతుందని కోచింగ్ సారును అడిగితే, "అదంతా నీకెందుకుమా, జవాబు సి అని రాయి" అన్నాడు. నాకు అనుమానం వచ్చింది. కొత్త నూలు వ్యాపారికి నువ్వు మన ఇంటి నూలే చూపించి, ఇది ఏ ఊరిదని అడిగి పరీక్షిస్తావు కదా! అట్లాగే మన మగ్గం నాడెను, అదే షటిల్‌ను, తలుచుకుని, 'షటిల్ రోల్' అంటే ఏమిటని లేని మాట ఒకటి కల్పించి అడిగాను. "అది పెద్ద ఫ్లైట్లకే వస్తాదిమా" అని బోర్డు మీద బొమ్మ కూడా వేశాడు.

విమానాల మెకానిక్‌గా రిటైరైన ఆవడి తణికైవేల్ మామను ఆదివారం ఇక్కడికి రమ్మని చెప్పు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? తంగమ్మవ్వకు దండాలు.

ఆ బొమ్మను క్లాసులో అందరూ నోట్సులో దించుకున్నారు నాయనా.

నీ నివేద