మంచు మీద నీ ఓటు

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మస్కట్ ఐస్ రింక్‌లో మంచు చదును చేసే మెషీన్ నడిపే నీ డ్యూటీ ఇప్పుడు నేనే చేస్తున్నాను. మంచు నున్నగా గట్టిపడాలంటే వేడినీళ్లే పొయ్యాలన్నావు, అలాగే పోస్తున్నాను.

సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక మన స్లొవాక్ కోచ్ మళ్లీ ఆ పాత పంచాయితీ పెట్టాడు. వాళ్ల దేశపు ఐస్ హాకీలో అన్ని కాలాలకీ గొప్పవాడెవడు? ఎప్పటిలాగే ఆయన ఓటు ఆ పొడుగాటి డిఫెండర్‌కే. నేను నీ తరఫున చెకొస్లొవాకియా నాటి ఫార్వర్డ్ పేరు చెప్పాను. పైకప్పు లేని రింకుల్లో, గరుకు మంచు మీద ఆడినవాడే మొనగాడని రూమ్‌లో నాతో ఎంత వాదించేవాడివి.

కోచ్ తల అడ్డంగా ఊపాడు. "మీ బావ చివర్లో మనసు మార్చుకున్నాడు. ఇప్పుడిప్పుడే ఆడుతున్న కుర్రాడే ఫస్ట్ అన్నాడు. ఎందుకని అడిగితే, 'వాడికి ముందు చాలా టైముంది సార్' అన్నాడు."

మన మంచాలు ఎదురెదురుగా ఉండేవి. నాతో ఒక్క ముక్క అనలేదు నువ్వు. నిన్ను తీసుకుపోయిన ఆ గుండెనొప్పి సంగతి కూడా ముందే ఆయనకి చెప్పావా అని అడగబోయి, లేచి వచ్చేశాను. మెషీన్ ఎక్కి, బాగానే ఉన్న మంచు మీద మళ్లీ వేడినీళ్లు పోశాను.