మావయ్య–మేనకోడలు హార్డ్‌వేర్

మావయ్యకి నీ పిచ్చుక నమస్కారాలు.

ఫోన్ చేస్తే నువ్వు ‘హలో’ దాటి ముందుకు రావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. కూర్చున్నావా? ఆ లెక్కల ఉద్యోగం మానేశాను. అమ్మకి కోపం, మాట్లాడటం లేదు. హార్డ్‌వేర్ టెక్నీషియన్ కోర్సులో చేరాను మావయ్యా! వచ్చే నెల పరీక్ష. పాసై సర్టిఫికెట్ చేతికొస్తే ఇష్టమైన పని చేసుకుని బతుకుతాను. తప్పానంటే ‘నే చెప్పలా’ అన్న అమ్మ మాట జీవితాంతం వినాలి. ఈ వారం కీబోర్డుల పాఠం. స్క్రూడ్రైవర్ పట్టుకుంటే ఒళ్ళు పులకరిస్తోంది!

నీ పిచ్చుక

తా.క. నిన్న మొదటిసారి ఒక పెట్టె విప్పి మళ్ళీ బిగించాను. రెండు మరలు మిగిలాయి. అయినా పనిచేస్తోంది! మాస్టారికి చెప్పలేదు.

*

చిరంజీవి పిచ్చుకని మనసారా దీవించి మావయ్య రాసేది.

నీ ఉత్తరం చదివి కొట్లోనే గంతేశాను. పైన వేలాడే గొలుసులు తగిలి బొప్పి కట్టింది, నొప్పే తెలియలేదు. మన ఇంట్లో మేకుకీ మరకీ తేడా తెలిసినవాణ్ణి నేనే ఆఖరనుకున్నాను. ఇనుప సామాను కొట్లకి కూడా సర్టిఫికెట్లు వచ్చాయంటే ఇన్నాళ్ళకి మన వ్యాపారానికి మర్యాద దక్కింది. మీ అమ్మ సంగతి నాకొదిలెయ్. నీ చదువుకని మంచి సుత్తి, తలుపు బందులు, కొక్కేల కీబోర్డు పార్సెల్ చేశాను. కీబోర్డు టేకుది. ఎన్ని తాళంచెవులు తగిలించినా వంగదు.

ఇట్లు, గాల్లో తేలుతున్న మావయ్య

తా.క. మిగిలిన మరలు పారెయ్యకు. అలా మిగిలినవాటితోనే మా నాన్న ఈ కొట్టు పెట్టాడు.

*

ప్రియమైన మావయ్యకి,

పార్సెల్ అందింది. సుత్తి చూసి మాస్టారు, “ఇది కోర్సులో లేదమ్మా. కానీ చాలాసార్లు కావాలనిపించింది” అన్నారు. కీబోర్డు ఆఫీసు గోడకి కొట్టించారు. మావయ్యా, మా హార్డ్‌వేర్ మరీ సున్నితం. మన ఒంట్లోని కరెంటు తగిలినా పాడవుతుంది, చేతికి పట్టీ కట్టుకుని మరీ ముట్టుకోవాలి. అన్నీ వివరంగా రాద్దామంటే చదవాల్సింది కొండంత ఉంది. ఇవాళ డ్రైవర్ల పాఠం. ఏది మొరాయించినా ముందు డ్రైవర్‌ని అనుమానించాలట. పాత డ్రైవర్‌ని తీసేసి కొత్త డ్రైవర్‌ని పెడితే చాలు, అంతా పరుగెడుతుందట. చేసి చూశాను, నిజమే!

పరీక్ష జ్వరంతో, పిచ్చుక

తా.క. పాత డ్రైవర్‌ని ఉంచి కొత్త డ్రైవర్‌ని పెడితే ఇద్దరూ కొట్టుకుంటారట. మా మాస్టారు అలాగే మాట్లాడతారు.

*

ఒంట్లో కరెంటున్న పిచ్చుకకి దీవెనలు.

ముందు డాక్టరుకి చూపించుకో. నువ్వు చెప్పినట్టే చేశాను. సామాన్ల బండి ఈ మధ్య మొరాయిస్తోంది, డ్రైవర్‌ని తీసేశాను. “నేనేం చేశానయ్యా?” అన్నాడు. “నాకు తెలీదు. మా మేనకోడలు చదువుకుంటోంది” అన్నాను. పాత మనిషి, మనసు ఎలాగో అయిపోయింది. కానీ చదువుకున్నదాని మాట కాదనలేం కదా. అన్నట్టు, కొట్టు బోర్డు మార్పించాను: ‘మావయ్య–మేనకోడలు హార్డ్‌వేర్’! పరీక్ష కాగానే వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చో.

నీ వ్యాపార భాగస్థుడు, మావయ్య

తా.క. కొత్త డ్రైవర్ బండి వెనక్కి తీస్తూ రంగు డబ్బాల మీదకి ఎక్కించాడు. వీధి సగం నీలం. అటుగా వస్తున్న మీ అమ్మ మొత్తం నీలం.

*

మావయ్యా, పాసయ్యాను!

నేను పెట్టిన కేకకి పక్కగది ఆవిడ బిందెతో నీళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఆ సంబరం నీ ఉత్తరం విప్పేదాకానే. మావయ్యా, నేను బాగుచేసేవి కంప్యూటర్లు! వాటిలో చేత్తో ముట్టుకోగలిగిందంతా హార్డ్‌వేరే. కీబోర్డంటే అక్షరాలు కొట్టే పలక. డ్రైవరంటే ప్రింటర్ లాంటివాటిని నడిపించే ప్రోగ్రాము, దానికి పెళ్ళాంపిల్లలుండరు! ఆయన్ని వెంటనే వెనక్కి పిలు, నా తరఫున క్షమాపణ చెప్పు. ఇంకో మాట రాయడానికి చెయ్యి రావట్లేదు. ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే పని దొరికింది. కొట్టుకి రాలేను. తిట్టు, కానీ ఉత్తరాలు మానకు.

తలవంచుకుని, పిచ్చుక

తా.క. బోర్డు మీద ‘మేనకోడలు’ చెరిపేముందు ఒక ఫొటో తీయించు.

*

సర్టిఫికెట్ గల పిచ్చుకకి, గర్వంతో మావయ్య రాసేది.

తిట్టడమా! మా పిల్ల కంప్యూటర్ల డాక్టరు, అదీ ఆసుపత్రిలోనే అని వీధంతా చాటాను. మీ అమ్మ నాకంటే గట్టిగా చాటుతోంది. మనసు చివుక్కుమన్న మాట నిజమే. నీ ఉత్తరం అందిన రోజే కొట్టు పెందలాడే కట్టేసి డ్రైవర్ ఇంటికెళ్ళి సంగతంతా చెప్పాను. పడీపడీ నవ్వాడు. రేపట్నించి రమ్మంటే మాత్రం, “రాను” అన్నాడు. “తీసేసిన డ్రైవర్‌ని మళ్ళీ పెడితే మీ మేనకోడలి చదువు ఏం కావాలి? ఇక బండెక్కను. గల్లాపెట్టె దగ్గర కుర్చీ ఖాళీయేగా, వాటా ఇస్తే వస్తా.” ఇన్నేళ్ళూ నాతో బరువులు మోసినవాణ్ణి పక్కన పెట్టుకుని, కొట్టు ఎవరికివ్వాలా అని చుట్టాల్లో వెతుక్కున్నాను చూడు! సరేనన్నాను. బోర్డు మళ్ళీ మారింది: ‘మావయ్య–డ్రైవర్ హార్డ్‌వేర్’. నువ్వు బెంగ లేకుండా ఉద్యోగంలో చేరు.

ఎప్పటికీ నీ మావయ్య

తా.క. నిన్న ఒకాయన బోర్డు చూసి, చంకలో ప్రింటర్‌తో వచ్చి, “దీనికి డ్రైవర్ కావాలండీ” అన్నాడు. నీ ఉత్తరం నాకు గుర్తొచ్చేలోపే మావాడు కుర్చీలోంచి లేచి, “నేనేనండీ. కానీ ఈ మధ్యే తోలడం మానేశాను” అన్నాడు.