నీటి కింద నాన్న

ప్రియమైన చేపపిల్లకి,

నిన్న నేను వచ్చి కూర్చున్నంతసేపూ నువ్వు గోడవైపే తిరిగి పడుకున్నావు. నిద్రపోతున్నావేమో అనుకున్నాను. తరవాత దిండు తడిసి ఉండటం చూశాను. నర్సమ్మ వచ్చి ఏదో అంది. నాకు వినబడలేదు. ఓడల కార్ఖానాలో ఇనపరేకులు బాది బాది చెవులు పోగొట్టుకున్నవాణ్ణి కదా. ఫోనులో మాట్లాడలేను. ఎదురుగా కూర్చుంటే నువ్వు పెదవి విప్పవు. అందుకే మన పాత అలవాటు మళ్ళీ మొదలుపెడుతున్నాను. దీవుల్లో పనిచేసిన రోజుల్లో వారం వారం నువ్వు రాసేదానివి. ఇప్పుడు నా వంతు.

ఒక సంగతి చెబుతాను, నవ్వకు. నేను ఈతకొలనులో చేరాను. మామూలు ఈత కాదు. వీపుకి సిలిండరు కట్టుకుని నీళ్ళ అడుక్కి వెళ్ళే స్కూబా. నువ్వు ఊరందరికీ నేర్పిన విద్యే. అక్కడి టీచరమ్మకి నీ గురించి చెప్పాను. "నడుము కింద పట్టు తప్పినవాళ్ళు కూడా డైవింగ్ చేస్తారండీ. చేతులతో ఈదుతారు. పక్కన మనిషి ఉండాలంతే" అని కాగితం మీద రాసి మరీ చూపించింది. ఆ మాట పట్టుకుని కాళ్ళరిగేలా తిరుగుతున్నాను. పడవలవాళ్ళ దగ్గరికి, టికెట్లు అమ్మేవాళ్ళ దగ్గరికి, మీ పెద్ద డాక్టరు దగ్గరికి. ఆయన కాదనలేదు. వెన్ను పూర్తిగా మానాక, పరీక్షలు చేసి చెబుతానన్నాడు.

మనిద్దరం వెళ్దాం. తోడుగా టీచరమ్మ కూడా వస్తానంది. వెచ్చటి నీళ్ళు, పగడాలు, నువ్వు పనిచేసిన ఆ దీవులన్నీ చుట్టి వద్దాం. ఏది ముందో ఏది వెనకో నువ్వే చెప్పాలి. నాకేం తెలుసు?

అమ్మ పోయాక మనం ఇద్దరమే మిగిలాం. ఒకళ్ళు గోడవైపు తిరిగితే రెండోవాళ్ళు ఎవరివైపు తిరగాలమ్మా?

కార్ఖానాలో అందరూ పిలిచే పేరుతోనే,
నీ సుత్తి నాన్న


నాన్నకి,

సుత్తి ఆపు. ఒకప్పుడు ఈ మాట నవ్వుతూ అనేదాన్ని. ఇప్పుడు నవ్వడం లేదు.

"కాళ్ళరిగేలా తిరుగుతున్నాను" అని రాశావు. చదవగానే అరికాలి మంట నెత్తికెక్కింది అనబోయాను. నా అరికాలు ఎక్కడుందో నాకు తెలీదు. మన మాటల నిండా కాళ్ళే నాన్నా. నీ కాళ్ళ మీద నువ్వు నిలబడు, కాలు ఒకచోట నిలవదు, కాళ్ళు కడుపులో పెట్టుకుని పడుకో. ఇక్కడికి వచ్చి పరామర్శించేవాళ్ళు నోరు జారిన ప్రతిసారీ నాలుక కరుచుకుంటారు. నేనే వాళ్ళని ఓదార్చాలి.

ఇక్కడ నా రోజు ఎలా ఉంటుందో తెలుసా? పుళ్ళు పడకుండా ఇద్దరు వచ్చి నన్ను ఆ పక్కకి దొర్లిస్తారు. కాసేపటికి ఈ పక్కకి దొర్లిస్తారు. ఒంటేలుకి గొట్టం. కిటికీలోంచి చూస్తే కార్లు ఆపే జాగా. వ్యాన్లు వెనక్కి వచ్చేటప్పుడు కుయ్ కుయ్‌మంటాయి. ఆ చప్పుడు వింటే మళ్ళీ ఆ మలుపు, మళ్ళీ మా వ్యాను పల్టీ. సిలిండర్లు నింపించుకుని రేవుకి వెళ్తున్నాం. అవి కట్లు తెంచుకుని నా వెన్ను మీద పడ్డాయి. నీళ్ళ కింద నన్ను బతికించిన గాలే నేల మీద నన్ను విరిచింది.

జనం నా చెయ్యి పట్టుకుని సముద్రంలోకి దిగేవాళ్ళు. అలాంటి నన్ను ఇప్పుడు ఇద్దరు ఎత్తి నీళ్ళలోకి బస్తాలా జారవిడవాలా? అయ్యాక మళ్ళీ బయటికి లాగాలా? నేను సామాను కాను.

ఇక రాయకు. రాసినా చదవను.

నీ కూతురు


ప్రియమైన చేపపిల్లకి,

చదవనన్నావు కాబట్టి ధైర్యంగా అన్నీ రాస్తాను.

మొదటిసారి మొహం నీళ్ళలో పెట్టాను. ముక్కుని కూడా మూసేసే అద్దం, నోట్లో రబ్బరు గొట్టం. నోటితోనే ఊపిరి పీల్చాలట. గుటకలు గుటకలుగా కొలను నీళ్ళు తాగాను. నిచ్చెన కమ్మీని ఉడుంపట్టు పట్టుకుంటే టీచరమ్మ ఒక్కో వేలూ ఊడదీయాల్సి వచ్చింది. పక్కన నేర్చుకుంటున్న ఆడపిల్లలు కిసుక్కుమన్నారు. వినబడలేదు గానీ వాళ్ళ భుజాలు ఊగడం కనిపించింది. బాయిలరు కడుపులోకి దూరి పనిచేసినవాణ్ణి, గుండెలోతు నీళ్ళకి గజగజ వణికాను.

కానీ కమ్మీ వదిలిన ఒక్క క్షణం ఉంది చూడూ. కింద అందరూ చేతులతోనే మాట్లాడుకుంటున్నారు. ఎవరికీ ఏమీ వినబడదు. ఎన్నేళ్ళకో నేను అందరిలో ఒకణ్ణయ్యాను. నువ్వు సెలవులకి కూడా ఇల్లు చేరకుండా అక్కడే ఎందుకు ఉండిపోయేదానివో అప్పుడు తెలిసింది.

పడవ సంగతి వేరే. "చక్రాల కుర్చీ అయితే కుదరదు పెద్దాయనా" అని చాలామంది మొహం మీదే చెప్పారు. ఒకడు మెత్తబడ్డాడు. పడవ అంచునుంచి నీళ్ళలోకి దిగే కుర్చీ ఒకటి చేసి తీసుకెళ్ళాను. మీట నీ చేతిలోనే ఉంటుంది. నీ అంతట నువ్వు తిప్పుకుని దిగుతావు, ఎవరూ ఎత్తక్కర్లేదు. వాడు దాని చుట్టూ తిరిగి చూసి, "ఇది బిగిస్తే నా పడవ అక్కడే బోర్లా పడుతుంది. మీది ఓడల చెయ్యి" అన్నాడు. రేవులో అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఏడుపొచ్చింది. మళ్ళీ తేలిక రేకుతో చేస్తున్నాను.

నువ్వు సామాను కాదని నాకు తెలుసు. ఒక్క దీవి పేరు రాసి పంపు. ఒక్కటి చాలు.

నీ నాన్న


ప్రియమైన నాన్నా,

చదవనన్నాను గానీ చదివాను. కుర్చీ దగ్గరికి వచ్చేసరికి నవ్వాను కూడా. పద, వెళ్దాం.

మొదట చిన్న దీవి. అక్కడ లోతుండదు. నీటి అడుగున గడ్డి మేస్తూ తాబేళ్ళు తిరుగుతుంటాయి. నీలాంటి కొత్తవాళ్ళకి మంచి చోటు. చొక్కా విప్పి తిరగకు, ఎండకి వీపు తోలు ఊడిపోతుంది. తరవాత కొబ్బరిచెట్ల దీవి. దాని రేవు పక్కనే మునిగిపోయిన సరుకుల ఓడ ఉంది. ఇనుము చూస్తే నీకు ప్రాణం లేచొస్తుంది, అతుకులు తడుముతూ అక్కడే ఉండిపోతావు. గాలి అయిపోతోందని నేనే గుర్తు చెయ్యాలి. రెండు దీవుల మధ్య ఒకరోజు విశ్రాంతి తీసుకో, నీ వయసుకి అది తప్పదు. పడవ ఊగితే చూపు దూరంగా నిలుపు, వాంతి రాదు.

ఆఖర్న దూరపు దీవి. అక్కడ పగడాల గోడ ఉంది. దాని అంచు దాటితే అడుగు కనిపించదు. నీలం, ఇంకా నీలం, అంతే. ఆ చోటు నాకు ఎంత ఇష్టమో నీకు రాసేదాన్ని. అక్కడ మాత్రం నన్ను కాసేపు ఒంటరిగా ఉండనివ్వాలి. నువ్వు టీచరమ్మతో ముందు పైకి వెళ్ళిపో. నేను నిదానంగా వస్తాను. ఇంత అడిగే హక్కు నాకుంది కదా?

ఇక్కడ అందరూ నేను మారానంటున్నారు. కడుపునిండా తింటున్నాను. నీళ్ళలో పెట్టుకునే నా అద్దం, వాచీ, రెక్కల బూట్లు వ్యాయామం చేయించే అక్కకి ఇచ్చేశాను. తను ఎంత సంతోషించిందో. నువ్వు కూడా సంతోషంగా ఉండు నాన్నా. నాకోసం చాలా చేశావు. నాకు అన్నీ గుర్తున్నాయి.

ముద్దులతో,
నీ చేపపిల్ల


నా తల్లికి,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని కార్ఖానా అంతా తిరిగాను. "మా అమ్మాయి వస్తానంది" అని కనబడినవాడికల్లా చెప్పాను. మధ్యాహ్నం భోజనం దగ్గర మళ్ళీ తీసి చదివాను. "నువ్వు ముందు పైకి వెళ్ళిపో" అన్నచోట చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేశాను.

జతగా దిగినవాళ్ళు జతగానే పైకి రావాలని టీచరమ్మ మొదటిరోజే చెప్పింది. ఎన్ని వందలమందికి నువ్వు నేర్పి ఉంటావు ఈ మాట! డైవింగ్‌కి బయల్దేరే మనిషి తన అద్దాన్ని ఎవరికైనా ఇచ్చేస్తుందా?

నాకు డొంకతిరుగుడు చేతకాదు. సూటిగా అడుగుతున్నాను. పైకి రాకూడదనే నువ్వు ఆ దీవికి వెళ్దామంటున్నావా?

నీ జవాబు వచ్చేదాకా ఆగలేదు. నీ ఉత్తరం తీసుకెళ్ళి డాక్టరు చేతిలో పెట్టాను. నన్ను నమ్మి రాసింది ఇంకొకరికి చూపించాను. నిన్ను ఒంటరిగా వదలొద్దని వాళ్ళని బతిమాలాను. పడవవాడికి వద్దని చెప్పేశాను. కుర్చీ విరగ్గొట్టి పాత ఇనుము కొట్లో పడేశాను. దీవులు లేవు, ప్రయాణం లేదు, ఏమీ లేదు. నీకు కోపం వస్తుంది. రానీ.

నీ బాధ నాకు తెలుసని అనను. నాకు తెలీదు. నువ్వు మునిగిపోతుంటే నేను పక్కన నిలబడి పగడాలు చూడు, తాబేళ్ళు చూడు అన్నాను. మోటు మనిషిని. కానీ నువ్వు లేకుండా ఆ ఇంటి తలుపు నేను ఏ చేత్తో తియ్యను?

తిట్టు. మొహం చూడనని చెప్పు. బతికి ఉండి చెప్పు.

నాన్న


తల్లీ,

నువ్వు రాయలేదు. రోజూ వస్తున్నాను. నన్ను చూడనన్నావని నర్సమ్మ కాగితం మీద రాసి చూపిస్తోంది. "తింటోందా?" అని అడిగితే తలూపుతోంది. "మాట్లాడుతోందా?" అంటే, కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చి నీ దగ్గర కూర్చుంటోందని, ఆవిడతో కాస్త మాట్లాడుతున్నావని రాసింది. ఆ కాగితం అడిగి తెచ్చుకున్నాను.

వరండాలో బెంచీ మీద కూర్చుని వెళ్ళిపోతున్నాను. నీ తలుపు కింద సందులోంచి వెలుగు కనిపిస్తుంది. ఎవరైనా అటూ ఇటూ నడిస్తే నీడ కదులుతుంది. నీ గదిలో మనిషి ఉన్నారని తెలుస్తుంది. అంతవరకు చాలు.

నాకేం రాయాలో తోచడం లేదు. ఉత్తి కాగితమైనా పంపు.

నాన్న


ప్రియమైన నాన్నా,

నువ్వు అడిగినదానికి జవాబు, అవును.

నీ ఉత్తరం చదివిన రోజు నిన్ను అసహ్యించుకున్నాను. నాకు మిగిలిన ఒక్క దారీ మూసేశావనిపించింది. డాక్టరమ్మ వస్తే మొదట ఆమెనీ తిట్టాను. ఆమె లేవలేదు. మర్నాడూ వచ్చింది. చావాలనిపించడం గురించి పేరు పెట్టి మాట్లాడింది, గుసగుసలాడకుండా, నీలాగే. రాత్రి నిద్రకి మందులు ఇస్తోంది. అవి పనిచేస్తున్నాయో లేదో ఇంకా తెలీదు.

నిన్న ఏం జరిగిందో చెబుతాను. నువ్వు ఇంకా కొలనుకి వెళ్తున్నావని వ్యాయామం అక్క చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రయాణం లేదన్నావు, కుర్చీ విరగ్గొట్టానన్నావు, మళ్ళీ ఈ నాటకం ఏమిటి? నన్ను ఇంకా మభ్యపెట్టాలనే అనుకున్నాను. ఆ టీచరమ్మకి గట్టిగా చెప్పి మానిపిస్తానని అక్కని పోరి, చక్రాల కుర్చీలో అక్కడికి వెళ్ళాను. దెబ్బ తగిలాక నేను గుమ్మం దాటడం అదే మొదలు. బయట గాలి మొహానికి తగిలితే ఏడుపొచ్చింది.

నువ్వు నన్ను చూడలేదు. నువ్వు అడుగున ఉన్నావు. ఆ కొలను గోడకి కింద ఒక అద్దాల కిటికీ పెట్టారు, నేర్చుకునేవాళ్ళ తాలూకు మనుషులు చూడటానికి. దాని ముందు నా కుర్చీ ఆపారు. ఎంత చిక్కిపోయావు నాన్నా! భయంతో కళ్ళు ఇంతింత చేసుకుని మోకాళ్ళ మీద కూర్చున్నావు. "బాగున్నారా?" అని టీచరమ్మ సైగ చేసింది. నువ్వు బొటనవేలు పైకెత్తి చూపించావు.

నీళ్ళలో ఆ సైగకి అర్థం 'బాగున్నాను' అని కాదు నాన్నా. 'పైకి వెళ్దాం' అని. ఆమె పాపం నిన్ను పైకి తీసుకెళ్ళింది. నువ్వు తెల్లబోయి మళ్ళీ దిగావు. ఆమె మళ్ళీ అడిగింది, నువ్వు మళ్ళీ బొటనవేలు ఎత్తావు. మళ్ళీ పైకి. నేను అద్దాన్ని అరిచేత్తో బాదాను. "వేలూ వేలూ కలిపి సున్నా చుట్టు నాన్నా!" అని అరిచాను. అద్దానికి ఇవతల, నీళ్ళకి ఇవతల, నీ చెవులకి ఇవతల. అక్క ఒక్కతే విని బెదిరిపోయింది. చాలా రోజులకి నేను అరిచాను.

నువ్వు బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్ళాక టీచరమ్మని అడిగాను.

"ప్రయాణం లేదని తెలిసి కూడా ఈయనకి ఎందుకు నేర్పుతున్నారు?"

"నేనూ అదే అడిగాను. మానెయ్యండి, మీకు భయం కదా అన్నాను."

"ఏమన్నాడు?"

ఆమె తల తుడుచుకుంటూ చెప్పింది. "'అది ఎప్పుడైనా, ఎక్కడైనా, నాకు చెప్పకుండా దిగితే వెనకాల దిగడానికి ఒకడికైనా చేతనవ్వాలి కదమ్మా' అన్నారు."

నువ్వు బయటికి వచ్చేలోపు వచ్చేశాం.

నీకు అబద్ధం చెప్పను. ఇవాళ పొద్దున కూడా లేవగానే ఎందుకు లేచానా అనిపించింది. రేపూ అనిపిస్తుందేమో. అలా అనిపించిన రోజు డాక్టరమ్మకో నీకో చెబుతాను. ఇది మాత్రం మాటిస్తున్నాను. దీవుల గురించి మాటివ్వలేను. ఎప్పటికైనా వెళ్తే తాబేళ్ళ దీవి ఒక్కటే, లోతు లేనిది. జతగా దిగి జతగా వద్దాం.

రేపు నువ్వు వస్తే తలుపు తీసే ఉంటుంది. ఎల్లుండి కొలనుకి నన్నూ తీసుకెళ్ళు. నీళ్ళలోకి దిగుతానో లేదో తెలీదు, గట్టు మీదైనా ఉంటాను. ఆ టీచరమ్మకి ఓపిక ఎక్కువ, నీ చేత సైగలు దిద్దించడం ఆమె వల్ల కాదు. నేను వచ్చేదాకా ఆ బొటనవేలు ముడిచి పెట్టుకో.

నీ చేపపిల్ల