కొలువులో బాకు

కమ్మింగ్, అమెరికా,
ఆదివారం.

అత్తయ్యగారికి,

నమస్కారాలు. ఇక్కడ మేం ముగ్గురం ఆరోగ్యంగానే ఉన్నాం. నాకు మాత్రం కోపంగా ఉంది. కోపం వస్తే మీరు ఫోన్ చేయరు, ఉత్తరం రాస్తారు. అందుకే నేనూ ఉత్తరమే రాస్తున్నాను. కాకినాడలో బావగారూ, శ్రీవిద్యక్కా బాగున్నారని తలుస్తాను.

ముందు మీరడిగిన వాటికి జవాబులు. మీ అబ్బాయి మోకాలి నొప్పి కాస్త తగ్గింది, గోల్ఫ్ మాత్రం మానలేదు. మీ మనవడు ఆరుష్ డ్రైవింగ్ నేర్చుకుంటున్నాడు. వాడి పక్క సీట్లో కూర్చునే ధైర్యం ఇంట్లో నాకొక్కదానికే ఉంది. మా ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారన్నది నిజమే, నా ఉద్యోగం ఇంకా ఉంది. మీరు పంపిన కందిపొడి ఎప్పుడో అయిపోయింది.

ఇక కత్తి సంగతి. మా వీధి చివర ఉండే జ్ఞానప్రసూన గారు దసరా పేరంటానికి వచ్చి, తాంబూలం తీసుకుని, మా బొమ్మల కొలువు ఫొటో మీకు పంపారట. మూడో మెట్టు మీద, కొండపల్లి దశావతారాల పక్కన, ఎర్ర ఒరలో ఉన్నదేమిటని అడిగారు మీరు. జపాన్‌లో సమురాయ్ యోధులు నడుముకు పెట్టుకునే పొట్టి బాకు అది. అసలుది కాదు, అలంకారానికి చేసింది. ఒర మీద తెల్లపూల కొమ్మ, పిడికి నల్ల పట్టుతాడు అల్లిక, కింద చిన్న చెక్క స్టాండు.

బొమ్మల కొలువులో బొమ్మలే ఉండాలి, వచ్చే ఏడు అది కనిపిస్తే నీకిస్తానన్న పల్లకి బొమ్మలు పెద్ద కోడలు శ్రీవిద్యకిచ్చేస్తాను అని రాశారు. మీ పుట్టింటి నుంచి వచ్చిన ఆ బోయీలంటే, తెర సందులోంచి తొంగిచూసే ఆ పెళ్లికూతురంటే నాకెంత ప్రాణమో మీకు తెలుసు. అది చదివి ముందు ఏడుపొచ్చింది. తర్వాత ఒళ్లు మండింది.

ఏటా కొలువులో ఒక కొత్త బొమ్మ చేర్చాలని చెప్పింది మీరే కదా. ఈ ఏడు నేను చేర్చింది అదే. దానికి పదును లేదు. తెచ్చిన రోజే అరటిపండు కోయబోతే పండు నలిగింది గానీ తెగలేదు. కోయని కత్తి బొమ్మ కాక మరేమిటి? అరిష్టం అన్నారు. పై మెట్టు మీద మీరిచ్చిన దుర్గమ్మ చేతుల్లో ఉన్నవి పూలగుత్తులా అత్తయ్యా?

అసలు మాట ఇంకా చెప్పలేదు. ఇదంతా ఆరుష్ ముచ్చట అనుకుని, వాడికి నచ్చజెప్పమని రాశారు. ఆ మాట పుట్టించింది మీ అబ్బాయి. ఇదెవరిదండీ అని జ్ఞానప్రసూన గారు కళ్లు పెద్దవి చేయగానే, “మావాడిదండీ, జపాన్ కార్టూన్ల పిచ్చి” అనేశారు. ఆవిడ నవ్వేసి, “మగపిల్లాడు కదా, పోన్లెండి” అన్నారు. నేను పసుపు కుంకుమల పళ్లెం ఆవిడ ముందుకు చాచాను. అందరూ వెళ్లాక ఆరుష్ నా దగ్గరకొచ్చి అడిగాడు.

“అమ్మా, అది నీది కదా. ఎందుకు చెప్పలేదు? ఎంబరాసింగా?”

అవును, అది నాది. వాణ్ణి రోబోటిక్స్ పోటీ దగ్గర డ్రాప్ చేసి, ఖాళీగా తిరుగుతూ ఒక పాత వస్తువుల షాపులో చూశాను. నచ్చింది, కొన్నాను. దేనికి అని మీ అబ్బాయి అడిగారు. దేనికీ కాదన్నాను. ఈ ఇంట్లోకి నేను తెచ్చిన కుక్కరూ, కర్టెన్లూ, ఆఖరికి నా చెప్పులూ ఏదో ఒక పని కోసమే. ఏ పనికీ కాకుండా, కేవలం నా కంటికి అందంగా ఉందని తెచ్చుకున్నది ఇదొక్కటే. పిల్లాడిదైతే ముచ్చట, నాదైతే తప్పా? ఆ రోజు నోరు మెదపలేకపోయాను. నిన్న జ్ఞానప్రసూన గారికి ఫోన్ చేసి అది నాదేనని చెప్పేశాను.

ఆరుష్ పుట్టినప్పుడు మీరు ఇక్కడికి వచ్చి, వాడికి నలుగు పెడుతూ ఒక సంగతి చెప్పారు. కొత్త కోడలిగా మీ మొదటి దసరాకి, జాతరలో కొనుక్కున్న పింగాణీ కుక్కపిల్లని కొలువులో పెట్టారు. దేవుళ్ల పక్కన కుక్కేమిటని మీ అత్తగారు దాన్ని తీసి పెరట్లో గట్టు మీద పెట్టేశారు. మీరు మళ్లీ తెచ్చుకుని బీరువాలో పట్టుచీరల వెనక దాచారు. ఆ తర్వాత అది ఏ కొలువులోనూ కూర్చోలేదు. నేను మరిచిపోలేదు.

బాకు తీయను. పల్లకి బొమ్మలు శ్రీవిద్యక్కకే ఇవ్వండి, ఆవిడ జాగ్రత్తగా చూసుకుంటుంది. నాకు ఆ కుక్కపిల్లని పంపండి. వచ్చే దసరాకి మూడో మెట్టు మీద, బాకు పక్కనే పెడతాను. ఇదెవరిదని ఎవరైనా అడిగితే, మా అత్తగారిదని చెబుతాను.

ఇట్లు,
మీ చిన్న కోడలు
విజయశ్రీ